గుర్తులు చెరిగిన వూఫర్లు

యేసోబు కారు డిక్కీలో రెండు పెద్ద వూఫర్ స్పీకర్లు బిగించుకున్నాడు. గుండె అదిరే బేస్ మాత్రం రావడం లేదు.

రెండూ సెకండ్‌హ్యాండ్‌వే. ఒకటి ఒంగోలులో పాత సామాన్ల కొట్లో దొరికింది, రెండోది యాక్సిడెంటైన కారులోంచి ఊడదీసింది. ఆంప్లిఫయరూ ఎవరో వాడి వదిలేసిందే. ప్లైవుడ్ డబ్బా తానే కోసుకున్నాడు. కొత్తవి కొనే స్తోమత లేదు, ఊరుకుందామంటే ఇల్లు ఊరుకోనివ్వడం లేదు. భార్య రాహేలు అలిగి చీరాల వెళ్లి నాలుగు నెలలైంది. ఇంట్లో గిన్నె చప్పుడైనా, దగ్గైనా అన్నీ తనవే. ఆ ఒంటరితనం భరించలేక భోజనం పార్సిల్ తెచ్చుకుని కారులోనే తింటున్నాడు. పాటలు గట్టిగా మోగుతుంటే కాస్త మనుషుల మధ్య ఉన్నట్టుంటుందని ఆశ.

మూడు రోజులు కుస్తీ పట్టాడు. ఒక్కో వూఫర్‌ను విడిగా కలిపితే అద్దాలు అదురుతున్నాయి. రెండూ కలిపితే దోమ పాడినట్టుంది. చివరికి మస్తాన్‌వలి షెడ్డుకు కారు తోలుకెళ్లాడు. ఐదేళ్లు ఆయన దగ్గరే వైరింగ్ నేర్చుకున్నాడు. నేర్చుకున్న పనికే మళ్లీ ఆయన గడప తొక్కడం నామోషీగానే ఉంది.

"విడివిడిగా రెండూ బాగానే మోగుతున్నాయి, కలిపితేనే బేస్ రావడం లేదు. ఆంప్లిఫయర్ పోయింది ఉస్తాద్. చవక సరుకు కదా."

మస్తాన్‌వలి డిక్కీ వైపు చూడనైనా లేదు. "రాహేలు వచ్చిందా?"

"రాలేదు. వెళ్లింది తను, రావాల్సింది తను. నేనెందుకు ఫోన్ చేస్తాను?"

"ఆ అమ్మాయేమంటుంది?"

"'పొమ్మన్నది ఆయనే, రమ్మనాల్సిందీ ఆయనే' అంటోందంట."

ముసలాయన డిక్కీ దగ్గరికి వచ్చాడు. వూఫర్ల వైర్లు విప్పమన్నాడు. గోడ గడియారంలోంచి సెల్లు ఊడదీసి, దాని రెండు కొసలకూ వైరు ముక్కలు అంటించి యేసోబు చేతిలో పెట్టాడు.

"రెండిటికీ తాకించి చూడు."

యేసోబు మొదటిదానికి తాకించాడు. మధ్యలోని నల్లటి అట్ట బయటికి ఉబికింది. వైర్లు అలాగే పట్టుకుని రెండోదానికి తాకించాడు. దాని అట్ట లోపలికి పోయింది.

మళ్లీ తాకించి చూశాడు. మళ్లీ అంతే. ఒకటి గాలిని నెడుతుంటే రెండోది లాగేసుకుంటోంది, మధ్యలో బేస్ చచ్చిపోతోంది. పాతవి కావడంతో వాటి మీద ప్లస్, మైనస్ గుర్తులు చెరిగిపోయాయి. తను అంచనా మీద కలిపేశాడు. ఈ షెడ్డులో మొదటి వారం నేర్చుకున్న పాఠమే ఇది. యేసోబుకు సిగ్గేసింది.

"ఇందులో ఏది తప్పు ఉస్తాద్?"

"విడివిడిగా రెండూ బాగానే మోగాయన్నావుగా."

"మరి దేని వైర్లు తిప్పాలి?"

"ఏదో ఒకటి తిరిగితే చాలు." మస్తాన్‌వలి చేతులు తుడుచుకుంటూ లేచాడు. "నీ చేతికి దగ్గరున్నది తిప్పు."

యేసోబు స్క్రూడ్రైవర్ తీసుకుని, తన వైపున్న వూఫర్ వైర్లు అటుది ఇటు, ఇటుది అటు మార్చాడు. డిక్కీ అంచు మీద కూర్చున్నాడు. పాట పెట్టి చూడకుండానే ఫోన్ తీశాడు.

"రాహేలూ," అన్నాడు. చాలాసేపటి దాకా ఇద్దరిలో ఎవరూ ఫోన్ పెట్టెయ్యలేదు.