అడుగు వాటా చేప చంచల

అనగనగా, ఒకే ఒక్క వాగు నీళ్ళు తాగి బతికే పెద్ద సరస్సు. అందులో చేపలు మూడు వాటాలుగా కాపురం ఉండేవి. పై నీళ్ళలో బొచ్చెలు, నడి నీళ్ళలో శీలావతులు, అడుగున బురద తిని బతికే ఎర్రమోసులు. ఒకరి వాటాలోకి ఒకరు రాకూడదు, వస్తే వెలి. ఇది బొచ్చెల దొర స్థూలముఖుడి ఆజ్ఞ.

ఎర్రమోసుల్లో చంచల ఒక్క చోట నిలిస్తే ఒట్టు. ప్రతి మట్టిగడ్డనూ మూతితో తడిమి రుచి చూడనిదే ఆమెకు తోచదు.

ఒక ఎండాకాలం గుర్రపుడెక్క సరస్సంతా అల్లుకుంది. చల్లటి నీడ వచ్చిందని బొచ్చెలు సంబరపడ్డాయి. దాని ఆకులు మాత్రం రాలి అడుగున కుళ్ళసాగాయి. బురద చేదెక్కింది. ఎర్రమోసుల పిల్లలు ఊపిరాడక పక్కకు ఒరిగిపోతున్నాయి.

చంచలకు మనసు ఆగలేదు. హద్దు గీత దాటి నడి వాటాకు పోయి, "పిన్నీ, కింద ఊపిరాడటం లేదు, పిల్లలు దక్కేలా లేరు" అంది.

"నీ కుదురులేనితనం మాకంటించకు తల్లీ. కిందికి పో" అంది శీలావతుల పెద్ద.

మర్నాడు నత్తలు చచ్చాయి. చంచల ఒక ఖాళీ గుల్లను నోట కరచుకుని పోయి దొరకు చూపించింది.

"అడుగున కుళ్ళితే అది అడుగువాళ్ళ ఖర్మ. ఇంకోసారి పైకి వచ్చావంటే నీ గుంపంతా వెలి" అన్నాడు స్థూలముఖుడు.

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. మూడోనాడు చంచల ఎవరికీ చెప్పబోలేదు. సరస్సు అంచంతా తడుముకుంటూ తిరిగింది, తిరిగింది. అడుగున ఒక మూల ఆమె ఒంటికి సన్నగా చల్లదనం తగిలింది. అది వాగు మొగ, వాగు నీరు సరస్సులోకి వచ్చే చోటు. గుర్రపుడెక్క కుళ్ళిన వేళ్ళు దాన్ని మూసేశాయి. కుళ్ళు తినడం ఎర్రమోసులకు కొత్తా? గుంపంతా చేరి కొరికి కొరికి దారి చేశాయి. కొత్త నీరు దూకింది, ఒరిగిన పిల్లలు లేచి ఈదాయి.

ఇంతలో మబ్బు పట్టింది, గాలి ఆగింది, గుర్రపుడెక్క కింద పై నీళ్ళలోనూ ఊపిరి కరువైంది. రెండో తెల్లవారుజామున పై చేపలన్నీ నోళ్ళు తెరిచి ఎగశ్వాస తీస్తున్నాయి. గట్టున కొంగలు బారులు తీరాయి.

"గీత గీసింది వాళ్ళే. పైకి పోతే మనకు వెలి. ఊరుకో" అన్నాడు ఎర్రమోసుల తాత.

చంచల ఊరుకుందామనే చూసింది. ఆమెకు చేతకాలేదు. పైకి దూసుకుపోయింది.

"హద్దు..." అని రొప్పాడు స్థూలముఖుడు.

"వెలి తర్వాత వేద్దురుగాని దొరా. ముందు అందరూ నా తోక వెంట కిందికి దిగండి" అంది చంచల.

దిగారు. వాగు మొగ దగ్గర ఎర్రమోసుల పిల్లలు జరిగి చోటిచ్చాయి. వాటి మధ్య ఇరుక్కుని దొర నిండుగా ఊపిరి పీల్చాడు. అప్పుడు కిందికి చూశాడు. నేలంతా నత్తగుల్లలు.

"ఇన్ని చచ్చాయా? నాకెవరూ చెప్పలేదే" అన్నాడు.

చంచల ఒక ఖాళీ గుల్లను మూతితో అతని ముందుకు నెట్టింది. దొరకు మొన్న ఆమె చూపిన గుల్ల గుర్తొచ్చింది. తల దించుకున్నాడు. ఆనాటి నుంచి ఆ సరస్సులో గీతలు లేవు.

అడుగువాడి మొర పెడచెవిన పెట్టిన దొరకు చివరికి ఊపిరి దొరికేదీ ఆ అడుగునే.