మోకాళ్ళు పట్టినందుకు గ్లాసుడు పాలు

వరంగల్ కోట పక్క తాలింఖానాలో కుస్తీ నేర్పే రాజలింగం, ఆ శుక్రవారం తన గురువు జమాల్ ఉస్తాద్ ఇంటికి వచ్చేసరికి ముఖం కందగడ్డలా ఉంది.

ముసలాయన మోకాళ్ళు పాడై మంచం దిగడం లేదు. తొమ్మిదేళ్ళుగా ప్రతి శుక్రవారం రాజలింగం వచ్చి నువ్వులనూనె రాసి పట్టి వెళ్తాడు. ఆ రోజూ నూనెగిన్నె ముందు పెట్టుకుని కూర్చున్నాడు.

"సాంబడు తాలింకు వస్తలేడు ఉస్తాద్. పదిరోజుల్ల జిల్లా పోటీలు. వాడు లేకుంటే మన పేరు మట్టిల కలుస్తది."

"ఏమన్నవ్ వాణ్ణి?"

"అనేటందుకేమున్నది!" అంటూ రాజలింగం సంగతి చెప్పుకొచ్చాడు.

పొద్దున్నే ముందొచ్చినవాడు పార పట్టి గోదాలో మట్టి తిరగేయాలి. మజ్జిగ, పసుపు కలిపి మెత్తగా చేయాలి. అది ఆ తాలింఖానా ఆనవాయితీ. మట్టి గట్టిపడితే కింద పడ్డవాడి ఎముకలకు దిక్కుండదు మరి! మూడేళ్ళుగా ఆ పార, శిష్యుల్లో మేటి అయిన సాంబయ్యదే. ఇంకెవరైనా ముట్టుకుంటే కొట్లాటకు దిగేవాడు.

మిగతావాళ్ళకూ ఆ హుషారు రావాలని రెండు నెలల కింద రాజలింగం ఒక ఏర్పాటు చేశాడు. మట్టి తిరగేసినవాడికి గ్లాసుడు బాదంపాలు. అనుకున్నదొకటి, అయిందొకటి. మర్నాటి నుంచి అందరికన్నా ముందు పార వదిలేసింది సాంబయ్యే. చూసి చూసి ఒళ్ళు మండిన రాజలింగం నాలుగు రోజుల కింద అందరి ముందూ వాడిచేత వంద గుంజిళ్ళు తీయించాడు. వాడు నోరెత్తకుండా తీసి, గోదా మట్టి నుదుటికి అద్దుకుని వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు.

"పాలు పోస్తనంటే పార ఇడిసిపెడతడా! గసొంటోన్ని నేనెక్కడ చూడలె."

మోకాళ్ళు పట్టడం అయ్యాక ఉస్తాద్ కోడల్ని పిలిచి మెల్లగా ఏదో చెప్పాడు. ఆమె గ్లాసు నిండా బాదంపాలు తెచ్చి రాజలింగం ముందు పెట్టింది.

"తాగు. మంచిగ పట్టినవ్. వచ్చే వారం ఇంక మంచిగ పడితే రెండు గ్లాసులు. రాకపోతే గుంజిళ్ళు."

రాజలింగం నవ్వబోయాడు. ఉస్తాద్ ముఖంలో నవ్వు లేదు.

చెంప పగలగొట్టినా అతనికి అంత నొప్పి పుట్టేది కాదు.

"ఏంది ఉస్తాద్ గిది? తొమ్మిదేండ్లసంది వస్తున్న. నేనేమన్న అడిగిన్నా?"

"అడగలే. నేనే ఇస్తున్న."

"గిట్ల ఇస్తే నేనెట్ల రావాలె? వచ్చే శుక్రారం మీ కాళ్ళు ముట్టుకుంటే, పాల కోసం వచ్చిండని మీ కోడలు గూడ అనుకోదా?"

"ఔ బిడ్డా," అన్నాడు ఉస్తాద్. "సాంబడు గూడ గదే అనుకున్నడేమో."

రాజలింగానికి ఆ వంద గుంజిళ్ళూ ఒక్కొక్కటే కళ్ళ ముందు లేచాయి. పాల మీద మీగడ కట్టింది.

చివరికి లేచి చేతులు తుడుచుకున్నాడు.

"ఎక్కడికి?"

"సాంబని ఇంటికి."

గడప దాటుతుంటే వెనక నుంచి పిలుపు వినిపించింది.

"వచ్చే శుక్రారం వస్తవా బిడ్డా?"

ఆ గొంతులో భయాన్ని రాజలింగం మొదటిసారి విన్నాడు. గ్లాసు వైపు చూడకుండా, "వస్త," అన్నాడు.