వెనక్కి చూసే రెక్కలు

ఒకప్పుడు నీడకు ఇల్లూ వాకిలీ లేవు. చెట్టు కింద పడి ఉండాలని అప్పటికి దానికి ఎవరూ చెప్పలేదు. కాళ్లు లేకుండానే అడవంతా తిరిగేది. కళ్లూ లేవు దానికి. అందుకేనేమో, ఎవరైనా కళ్లార్పకుండా చూస్తే మాత్రం ఉన్నచోటే ఆగిపోయేది. చూపు తిప్పితే చాలు, చప్పుడు లేకుండా వచ్చి మీద వాలేది. అది తాకిన లేడిపిల్ల నిద్రపోయినట్టే పడి ఉండేది. మళ్లీ లేచేది కాదు.

ఆ రోజుల్లో సీతాకోకలన్నీ పసుపుపచ్చగా, ఎండలో పూలమీదే తిరిగేవి.

కొండవాలు గూడెంలో జోగమ్మ అని ఒక చంటిబిడ్డ తల్లి. ఒక మధ్యాహ్నం బిడ్డను వీపున గుడ్డతో కట్టుకుని దుంపలు తవ్వడానికి వెళ్లింది. మంచి దుంపలు తగిలేసరికి ఆ సంబరంలో లోపలికి, ఇంకా లోపలికి పోయింది. తలెత్తి చూస్తే ఎండ లేదు. పిట్ట కూత లేదు. ఎదురుగా నీడ నిలబడి ఉంది.

జోగమ్మ గుడ్లు మిటకరించి చూసింది. నీడ ఆగింది. అమ్మయ్య అనుకునేలోపు వెనకనుంచి చల్లటి గాలి సోకింది. గిరుక్కున తిరిగితే అటూ నీడే, జానెడు దూరంలో. వెనక్కి చూస్తుందని బిడ్డను లేపబోతే, పాలు తాగిన మత్తులో ఎంత గిల్లినా లేవని నిద్ర. పోనీ బిడ్డను ముందుకు కట్టుకుందామా అంటే, అప్పుడు నీడ తన వీపు మీదే వాలుతుంది. తను పడిపోతే చంటిదానికి దిక్కెవరు? ఏడుపు ముంచుకొచ్చింది పాపం. ఏడిస్తే కళ్లు మసకబారతాయని అదీ దిగమింగుకుంది.

ఆమె మెడమీద ఒక సీతాకోక ఉంది. చెమట ఉప్పదనం మరిగి, ఎండలోంచి ఆమె వెంటే వచ్చేసిన పిచ్చిది. అదీ వణికిపోతోంది.

"అక్కా, నా రెక్కల మీద కళ్లు పెట్టు. వెనక్కి నేను చూస్తాను" అంది.

జోగమ్మ చూపు తిప్పకుండానే చెయ్యి వెనక్కి పెట్టి బిడ్డ బుగ్గన దిష్టిచుక్క తడుముకుంది. ఆ కాటుక వేలికి అద్దుకుని రెక్కల మీద గుండ్రంగా పెట్టింది. మెరుపు లేనిది కన్ను ఎలా అవుతుంది? అందుకని నడిమధ్యన తన చనుబాల చుక్క అంటించింది. సీతాకోక పోయి బిడ్డ వీపున వాలి, రెక్కలు నిలబెట్టింది. వెనక నీడ ఠక్కున ఆగింది.

జోగమ్మ ముందుకు చూస్తూ, ఆగిన నీడను తప్పుకుంటూ నడిచింది. దారి పొడుగునా వెనకాల ఒక గొంతు. అచ్చం జోగమ్మ గొంతే. అలసిపోయావు, ఒక్కసారి కళ్లు మూసుకోవే, అని సీతాకోకను బుజ్జగిస్తోంది.

"మా అక్క నా కళ్లకు రెప్పలు పెట్టలేదు" అంది సీతాకోక.

నీడకు ఒళ్లు మండింది. కళ్ల జోలికి పోలేక, వాటి చూపు పడని పక్కనుంచి మిగతా రెక్కంతా నాకేసింది. రెప్పల్లేని కళ్లకు నిద్రయితే రాలేదు గానీ, పసుపంతా పోయి ఎండుటాకు రంగు తేలింది. కాటుక చుట్టూ సన్నటి పసుపు అంచు మిగిలిందంటే, కంటికి అంత దగ్గరగా వచ్చే ధైర్యం దానికి లేక.

ఎండ కనిపించింది. బిడ్డ లేచి కేరుమంది. జోగమ్మ ఎండలో కాలుపెట్టి, నువ్వూ రావే, నీ పూలున్నాయి కదా అని పిలిచింది.

"నేను వస్తే నా వెనకే అదీ వస్తుంది. ఇక్కడే ఉండి దాన్ని కదలనివ్వకుండా చూస్తుంటాను, నువ్వు పో అక్కా" అని సీతాకోక రాలిన ఆకుల్లో వాలిపోయింది. దిగమింగిన ఏడుపంతా జోగమ్మ అప్పుడు ఏడ్చింది.

అప్పటినుంచే నీడ చెట్లకిందే పడి ఉంటోంది. ఆ సీతాకోక పిల్లలూ అక్కడే ఉండిపోయాయి. ఎండకు రావు, పూల ముఖం చూడవు, రాలి కుళ్లిన పళ్లరసం తాగి బతుకుతాయి. ఎండుటాకే కదా అని అడుగేయబోతే లేచి, కాస్త అవతల మళ్లీ వాలతాయి. అప్పుడు వంగి చూడండి. నల్లచుక్క, చుట్టూ పసుపు అంచు, నడుమ పాలచుక్క. ఆ కన్ను మిమ్మల్నే చూస్తోందని భయపడకండి. అది చూసేది మీ వెనకాల ఉన్నదాన్ని.