మనం అంటే ఎవరమ్మా?

"మన గట్టు మీద గడ్డి మన మందలది. నేను బతికుండగా అక్కడ ఎవరినీ కంచె వెయ్యనివ్వను." పట్టాభిషేకం నాడు సోమలదేవి జనం ముందు అన్న మాట ఇది. యాభై ఏళ్ళు దాటింది. ఆవిడ బతికే ఉంది, సింహాసనం మీదే ఉంది. గట్టు చుట్టూ కంచె వేశారు.

ఆ వార్త విని భార్గవుడు పొరుగూరి నుంచి నేరుగా గురువు దగ్గరికి వచ్చాడు. గురువు కపర్ది వ్యాకరణం చెబుతాడు. కోపంగా వచ్చినవాణ్ణి ముందు కూర్చోబెట్టడం ఆయన అలవాటు. భార్గవుడు కూర్చోలేదు.

"అధికారం ప్రజలదన్నారు. శాసనం సభదన్నారు. మరి ఈ రాణి దేనికి గురువుగారూ? మంత్రులు రాసిచ్చింది చదవడానికా? ఆ పనికి చిలక చాలదూ? కిరీటాన్ని మ్యూజియంలో పెట్టండి, సింహాసనాన్ని పొయ్యిలో పెట్టండి!"

"ముందు చెప్పులు విడిచి రా," అన్నాడు కపర్ది. "మొన్న సభ మొదలైన రోజున నేనక్కడే ఉన్నాను."

ఆయన చెప్పింది ఇది.

ఒకప్పుడు ఆవిడ మాటే శాసనం. తర్వాత రాజ్యాంగం వచ్చింది. అధికారమంతా సభ చేతిలో పెట్టి, ఆవిడ సంతోషంగానే సంతకం చేసింది. ఇక ఆవిడకు మిగిలింది గొంతు ఒక్కటే. ఏటా సభ మొదలయ్యే రోజున మంత్రులు రాసిన ప్రసంగం ఆ గొంతుతో చదవాలి. ఆ గొంతు 'మనం' అంటే జనం కరిగిపోతారని మంత్రులు తొందరగానే కనిపెట్టారు. అప్పటి నుంచి ప్రతి దోపిడీకీ అదే ముసుగు. మనం పన్ను పెంచుకుంటున్నాం. మనం అడవి వదులుకుంటున్నాం. మనం కొంతకాలం ఓర్చుకోవాలి. పెంచినవాళ్ళు వేరు, కట్టినవాళ్ళు వేరు. ఓర్చుకున్నవాళ్ళు మాత్రం ఎప్పుడూ కట్టినవాళ్ళే.

మొన్న కూడా ఆవిడ చదువుతోంది: "దేశ ప్రగతి కోసం మనం గట్టు మీది పచ్చికను సున్నపురాయి కంపెనీకి ఇస్తున్నాం." కంచె అప్పటికే వేసేశారు. అనుమతి ఇప్పుడు చదివిస్తున్నారు.

"మనం అంటే ఎవరమ్మా?"

చూడ్డానికొచ్చిన జనం కూర్చునే వెనక బెంచీల్లోంచి వచ్చిందా గొంతు. బీరమ్మ అనే గొర్రెల కాపరి, భుజం మీద గొంగడితో లేచి నిలబడింది. ఆ గడ్డి తప్ప ఆమె మందకు వేరే మేత లేదు. చూడి గొర్రెలు కంచె పక్కనే కూలబడుతున్నాయి. భటులు ఆమె మీదికి ఉరికారు.

"ఉండండ్రా, తర్వాత గెంటుదురుగాని. రాణమ్మా, ఆ మనంలో నేనున్నానా? ఉంటే నేనెప్పుడిచ్చాను? నాకు తెలియకుండా నేనే ఇచ్చేశానా?"

ఎవరో నవ్వారు. రాణి చెయ్యెత్తింది. భటులు ఆగారు. ఆవిడ అదే వాక్యం మళ్ళీ మొదటి నుంచి చదివింది.

"మేము మీ పచ్చికను సున్నపురాయి కంపెనీకి ఇస్తున్నాం."

ప్రధానమంత్రి గబుక్కున లేచాడు. "అమ్మగారూ, కాగితంలో 'మనం' అని ఉంది."

"ఉంది నాయనా. అందులో ఆమె లేదు. నేనున్నాను."

కపర్ది ఆగాడు. భార్గవుడు మండిపడ్డాడు.

"అంతేనా? ఒక్క మాట మార్చి చదివితే కంచె ఊడిందా? గొర్రెలకు మేత దొరికిందా? ఇచ్చిన మాట తప్పి, తప్పానని అందంగా చెబితే సరిపోతుందా?"

"సరిపోదు," అన్నాడు కపర్ది. "బీరమ్మ కూడా అదే అంది. 'ఒప్పుకుంటే నా మంద కడుపు నిండదమ్మా. మాఘ పౌర్ణమికి మందలన్నీ గట్టుకు తోలుతున్నాం. కంచె మీరు తీస్తారో, మమ్మల్ని తియ్యమంటారో ఆలోగా చెప్పండి' అంది."

"రాణి ఏం చెప్పింది?"

గట్టు దాకా నువ్వూ నడుస్తావా అన్నట్టు కపర్ది గుమ్మంలో ఉన్న శిష్యుడి చెప్పుల వైపు చూశాడు.

"మాఘ పౌర్ణమి ఇంకా రాలేదు."