మెరంతి ఊళ్లో చుట్టిన కుండ

ఒకప్పుడు, అంటే సూర్యనారాయణమూర్తి రథానికి వేసిన రంగు ఇంకా తడి ఆరని రోజుల్లో, తూర్పు సముద్రానికి అవతల మెరంతి అనే రేవు ఊళ్లో కూడా మనకు మల్లే ఎండాకాలం, చలికాలం వచ్చిపోతుండేవి. నమ్మరా? అయితే దగ్గరికి జరగండి. వెనక కూర్చున్న బంగారుతల్లీ, వినబడుతోందా?

ఆ ఊరికని స్వామివారు పెట్టిన సేవకులు ఇద్దరు, ఎండన్న, చలమ్మ. ఇద్దరూ అన్నాచెల్లెళ్లే. ఆరు నెలలు ఒకరు, ఆరు నెలలు ఒకరు ఊరిని చూసుకోవాలని ఆజ్ఞ. చూసుకునేవారు గానీ, ఒకరు వెళ్లి ఇంకొకరు దిగే రోజులొస్తే చాలు, పోట్లాటే!

"నాకింకా నాలుగు రోజులుంది, పో!"

"నీకెప్పుడూ నాలుగు రోజులుంటుంది అన్నయ్యా. జరుగు!"

ఇలా తోసుకుంటుంటే ఊళ్లో పొద్దున మాడు పగిలేది, సాయంత్రానికి పళ్లు టకటకలాడేవి.

ఆ ఊళ్లోనే గుంజల మీద కట్టిన చెక్క ఇంట్లో మెలూర్ అవ్వ ఉండేది. ఆవిడ మనవరాలు సురీకి పెళ్లి కుదిరింది. అక్కడ పెళ్లి ఖాయం కావాలంటే ముందు పిల్ల ఇంట తపాయి తీపిగా ఊరాలి. జిగురుబియ్యం వండి, చల్లార్చి, పులియబెట్టే పొడి చల్లి, కుండలో పెట్టి, గుడ్డ చుట్టి మూడు రోజులు కదపకుండా ఉంచుతారు. అదే తపాయి. కుదిరిందా, తేనె కారుతుంది. వేడెక్కువైతే పుల్లబడుతుంది. చల్లబడితే అన్నం అన్నంలాగే ఉండిపోతుంది. చలికాలంలో మీ అమ్మ ఇడ్లీపిండి గిన్నెకు దుప్పటి కప్పదూ? అదే అవస్థ.

ఆ ఏడు పెళ్లి సరిగ్గా పోట్లాట రోజుల్లో పడింది. అవ్వ మొదటి కుండ ఎండన్న దెబ్బకు పుల్లబడింది. రెండోది చలమ్మ దెబ్బకు ఊరనే లేదు. మూడోది ఎవరి దెబ్బకో గానీ, పిల్లి కూడా ముట్టలేదు.

పెళ్లికొడుకు తల్లి దయాంగ్ పడవ నడిపే మనిషి. మెట్ల కింద నిలబడి, "పెద్దమ్మా, పిల్ల బంగారమే. కానీ నాలుగో కుండ కూడా చెడిందంటే ఈ సంబంధం దేవుడికి ఇష్టం లేదనుకుంటాను. ఏమనుకోకు" అని వెళ్లిపోయింది.

సురీ కళ్లనిండా నీళ్లు.

"ఏడవకే. ముందు బియ్యం కడుగు" అంది అవ్వ. నాలుగో కుండ చుట్టింది. తూర్పుకి తిరిగి రెండు చేతులూ జోడించింది. "స్వామీ, నీ సేవకులిద్దర్నీ ఒక్క మూడు రోజులు నా ఇంటికి పంపు. మిగతాది నేను చూసుకుంటాను."

ఆ మధ్యాహ్నమే ఇద్దరూ తోసుకుంటూ మెట్లెక్కారు.

"ఆగండాగండి, కాళ్లు కడుక్కుని రండి" అంది అవ్వ. కడుక్కుని లోపలికొచ్చారు. అవ్వ పెదాల మీద వేలు పెట్టింది.

"అదిగో, కుండ చుట్టాను. చుట్టిన కుండను చూసినవాళ్లు, అది తెరిచేదాకా గొంతు పెంచకూడదు, ఊరు దాటకూడదు. ఇది మా ఊరి కట్టుబాటు."

"మేం దేవుడి సేవకులం!" అన్నాడు ఎండన్న.

"మరీ మంచిది నాయనా. దేవుడి సేవకులకు మర్యాద నేను నేర్పాలా?"

ఎండన్న తలొంచుకుని కుండకు కుడిపక్క కూర్చున్నాడు. చలమ్మ ఎడంపక్క కూర్చుంది.

"నీవల్లే" అని గుసగుసలాడింది.

"నీవల్లే" అని గుసగుసలాడాడు.

గుసగుసల్లో ఎంతసేపని పోట్లాడతారు చెప్పండి? రెండో రోజుకి మాటలైపోయాయి. ఎండన్న కునుకుతూ కుండ మీదికి వాలితే చలమ్మ మెల్లగా ఊదేది. చలమ్మ ఆవలిస్తే, ఆ చల్లగాలి కుండకు తగలకుండా ఎండన్న అరచెయ్యి అడ్డంపెట్టేవాడు.

మూడో రోజు దయాంగ్ వచ్చింది. అవ్వ గుడ్డ విప్పింది. దయాంగ్ ఒక ముద్ద నోట్లో వేసుకుంది. ఇంకో ముద్ద తింది. సురీ ఊపిరి బిగబట్టింది. దయాంగ్ వేళ్లు నాక్కుని, "పెళ్లి ఎప్పుడు పెట్టుకుందాం పెద్దమ్మా?" అంది.

అన్నాచెల్లెళ్లకూ చెరో ఆకు వడ్డించారు. తిని, మూతి తుడుచుకుని లేచారు.

"ఇక ఊరు నాది!"

"నీదెలా అవుతుంది? నాది!"

"ష్!" అంది సురీ. కిటికీలోంచి పక్కింటికేసి చూపించింది. అక్కడ కొత్త కుండ గుడ్డ చుట్టుకుని కూర్చుంది. పొద్దున్నే సురీ వెళ్లి పొడి ఇచ్చి వచ్చిందిలెండి. ఆ కుండ తెరిచేలోగా ఎదురింట్లో చుడతారు. అది తెరిచేలోగా ఆ వెనకింట్లో.

"చూసేశాం కదా అన్నయ్యా" అంది చలమ్మ, మెల్లగా.

"చూసేశాం" అన్నాడు ఎండన్న, ఇంకా మెల్లగా. మళ్లీ కూర్చున్నారు.

పైన రథం తోలే అరుణుడు గాభరాపడ్డాడు. "స్వామీ, మనవాళ్లు తిరిగి రాలేదు!" స్వామి కిందికి తొంగిచూసి నవ్వారు. "ఒక్క ఊళ్లోనైనా కలిసి కూర్చున్నారు. కదపకు. ఉండనీ."

అప్పటినుంచే మెరంతిలో పుష్యమాసం వచ్చినా దుప్పటి కప్పుకోరు, వైశాఖం వచ్చినా అమ్మో అనరు. ఏడాది పొడుగునా ఊరంతా, చుట్టిన కుండ మీద చెయ్యి పెట్టినట్టు, ఒకే వెచ్చన.