పళ్ళను పట్టుకున్నది

దానియేలు మాస్టారు ప్రశ్నకు జవాబు నోటితో చెప్పడం అరుదు. ముప్పై ఏళ్ళుగా రేపల్లెలో బ్యాండుమేళం నడుపుతున్న మనిషి. ఎవరేం అడిగినా ఏదో ఒక పనిలోకి దించి కూర్చోబెట్టేవారు. ఆయన దగ్గర క్లారినెట్ నేర్చుకుని, నలభై దాటినా ఇంకా శిష్యుడిగానే మిగిలిన జక్రయ్య ఒక ఉదయం దిగాలుగా వచ్చి అడిగాడు.

"మాస్టారూ, గార తీసేస్తే పళ్ళని ఇంకేది పట్టుకుంటుందండీ?"

సంగతేమిటంటే, ఆర్నెల్లుగా అతని చిగుళ్ళు వాచి, పాట ముగిసేసరికి నోట్లో ఆనే క్లారినెట్ రీడు నెత్తురంటి ఎర్రబడుతోంది. వాయించేవాడు పై పళ్ళను క్లారినెట్ మూతి మీద ఆనించాలి. ఆ పళ్ళే ఇప్పుడు కాస్త ఊగుతున్నాయి. పళ్ళ డాక్టరమ్మ చూసి, చిగుళ్ళ కిందికంటా గార పేరుకుంది, పంటి వేళ్ళ దాకా శుభ్రం చెయ్యకపోతే పళ్ళు దక్కవు అంది. జక్రయ్యకు మాత్రం ఆ గారే సిమెంటులా పళ్ళను నిలబెడుతోందని గట్టి నమ్మకం. వీధిలో అందరిదీ అదే నమ్మకం. పళ్ళు పోతే వాయిద్యం పోతుంది. అది తప్ప అతనికి మరో విద్య రాదు.

మాస్టారు అంతా విని, "నీ క్లారినెట్ ఇటు తే. అతుకు విప్పు" అన్నారు.

జక్రయ్య క్లారినెట్ ఇచ్చాడు గానీ, అతుకు మీంచి చెయ్యి తియ్యలేదు. అది వాళ్ళ నాన్న వాయించిన క్లారినెట్. రెండు ముక్కల నడుమ జిడ్డూ దుమ్మూ గట్టిపడి ఏళ్ళయింది. ఊడిపోతుందన్న భయంతో అతను ఏనాడూ విప్పి ఎరగడు.

"వద్దండీ! ఆ మురికే దాన్ని పట్టుకుని ఉందండీ!" అనేశాక నాలిక కరుచుకున్నాడు.

మాస్టారు నవ్వనైనా నవ్వలేదు. తనే అతుకు విప్పి, సన్నటి పుల్లతో నల్లటి మురికంతా గీకారు. రెండు ముక్కల్నీ బిగించి ఉంచే లోపలి బిరడా పట్టీ నలిగిపోయి, ఒక అంచున కుళ్ళు పట్టి ఉంది. మళ్ళీ బిగిస్తే వదులుగా ఊగింది.

"చూశారా! కదులుతోంది!"

"కదలడం పాతదేరా. నీకు కనబడడం కొత్త."

కుళ్ళిన అంచు చెక్కేసి, బిరడాకు వేణ్ణీళ్ళ ఆవిరి పట్టించారు. అది మెల్లగా పొంగింది. కాస్త మైనం రాసి బిగించగానే అతుకు కిర్రుమని కూర్చుంది.

మర్నాడే జక్రయ్య డాక్టరమ్మ కుర్చీలో నోరు తెరిచాడు. ఆవిడ చిగుళ్ళకు మత్తిచ్చి, రెండు విడతల్లో, పంటి వేళ్ళ పొడుగునా గీకి గార తీసింది. నొప్పి అనుకున్నంత లేదు, భయమే ఎక్కువ. ఇంటికొచ్చాక పళ్ళ సందుల్లో నాలిక దూరుతుంటే వారం రోజులు అన్నం సహించలేదు పాపం. అయినా డాక్టరమ్మ చెప్పినట్టే రెండు పూటలా మెత్తటి బ్రష్షుతో తోముకున్నాడు. రెండు నెలలు తిరిగేసరికి చిగుళ్ళు వాపు తగ్గి పళ్ళను హత్తుకున్నాయి.

ఆ ఆదివారం ఒక పెళ్ళి ఊరేగింపులో మొదటి పాట నుంచి చివరి పాట దాకా వాయించాడు. ఆగి చూసుకుంటే రీడు మీద ఒక్క నెత్తుటి చుక్క లేదు. అతనికి ఏడుపొచ్చినంత పనైంది. పెళ్ళివారంతా చూస్తుండగానే వెళ్ళి మాస్టారి చేతులు పట్టుకున్నాడు.

"పళ్ళు నిలిచాయండీ మాస్టారూ! గార పోయింది కదా, మరి వీటిని ఏది పట్టుకుందంటారు?"

మాస్టారు చేతులు విడిపించుకుని ట్రంపెట్ తుడుచుకుంటూ అన్నారు:

"పాపం, ఇన్నాళ్ళూ ఏది పట్టుకుందో అదేరా."