ఇటుకబట్టీ ఎద్దు అడిగిన ఆఖరి ప్రశ్న

గోదావరి గట్టు దిగి అడవి మొదలయ్యే చోట ఒక పాత ఇటుకబట్టీ ఉండేది. మనుషులు దాన్ని మూసేసి వెళ్ళిపోయి చాలా ఏళ్ళయింది. బండి లాగీ లాగీ మెడ కాయలు కాసిన కోటయ్య అనే ఎద్దు మాత్రం అక్కడే ఉండిపోయాడు. ఊళ్ళోవాళ్ళు వదిలేసిన కుక్కలు, లారీ కిందపడి కాలు విరిగినవి, వరద నీళ్ళకి కొట్టుకొచ్చిన కూనలు ఒక్కొక్కటే ఆ బట్టీలోకి చేరాయి. కోటయ్య ఎవర్నీ పొమ్మనలేదు. అడవిలోని జంతువులు తలా కాస్త తెచ్చి వాటికి పెట్టేవి.

ఎవరైనా వచ్చి ఒక కుక్కని పెంచుకుంటామంటే కోటయ్యకి సంతోషమే. అలాగని ఊరికే ఇచ్చేయడు. ప్రశ్నలుంటాయి. గోరింక చిట్టి గడగడా అడుగుతుంది, కోటయ్య నెమరేస్తూ వింటాడు. పెళ్ళిచూపుల్లో కూడా ఇన్ని అడగరని గొణుక్కున్నవాళ్ళు లేకపోలేదు. నా మటుకు నాకు, పెళ్ళిచూపుల్లోనూ ఇన్ని అడిగితే బాగుండుననిపిస్తుంది.

ఆ వేసవికి బట్టీలో చిక్కుడు అని ఒక గోధుమరంగు కుక్క ఉండేవాడు. కూనగా ఉన్నప్పుడు చిక్కుడుపాదు కంచెలో ఇరుక్కుని దొరికాడు కాబట్టి ఆ పేరు. వాడి గొంతు ఖంగుమంటుంది. ఒకసారి ఒకరింటికి వెళ్ళి, మళ్ళీ బట్టీకే చేరాడు. అప్పట్నుంచీ పెట్టినదాంట్లో సగమే తినేవాడు. తడిక చప్పుడైతే లేచి చూసి, తను అనుకున్నవాళ్ళు కాదని తెలిసి మళ్ళీ పడుకునేవాడు. ఈసారి కూడా తగని ఇంటికి పంపితే వీడిక తిండి ముట్టడని కోటయ్య భయం.

సత్తిపండు అనే నక్కకి ఆ గొంతు మీద కన్నుపడింది. గోదావరి మధ్య లంకలో ఒక పుచ్చతోట ఉంది, దానికో కాపలావాడున్నాడు, వాడికో పెద్ద దుడ్డుకర్ర ఉంది. చిక్కుణ్ణి తోట ముందువైపు నిలబెట్టి అరిపిస్తే కాపలావాడు కర్ర తీసుకుని అటు పరిగెడతాడు. ఇటు వెనకవైపు నుంచి సత్తిపండు తీరిగ్గా తినొచ్చు. దెబ్బలు ఎవరి వీపు మీద పడతాయన్నది సత్తిపండు ఆలోచించలేదు. ఆలోచించినా పెద్దగా బాధపడే రకం కాదు.

ముందుగా ప్రశ్నలేమిటో తెలుసుకోవాలని బట్టీ పక్కనున్న జిల్లేడు పొద వెనక నక్కి కూర్చున్నాడు.

మొదటి రోజు కోతి వచ్చింది.

"కుక్క ఎందుకు నీకు?" అంది చిట్టి.

"వీపెక్కి ఊరేగుదామని."

"నువ్వు పడుకునేదెక్కడ?"

"చెట్టు మీద."

"మరి కుక్క?"

కోతి తల గోక్కుని, ఆలోచించుకుని వస్తానని వెళ్ళింది. ఇంకా ఆలోచిస్తూనే ఉందని వినికిడి.

రెండో రోజు కుందేలు వచ్చాడు. అన్నింటికీ బాగానే చెప్పాడు గానీ, "ఇంట్లో అందరికీ ఇష్టమేనా?" అనేసరికి నసిగాడు.

"మా ఆవిడకి ఇంకా చెప్పలేదండి."

"చెప్పి, ఆవిణ్ణి కూడా తీసుకుని రా," అంది చిట్టి. పొద వెనక సత్తిపండు అదీ గుర్తుపెట్టుకున్నాడు.

మూడో రోజు గాడిద నూకాలు వచ్చింది. చాకిరేవులో మూటలు మోసి మోసి ఒక కాలు వాచిపోయిన మనిషి. మనిషంటే మనిషి కాదనుకోండి, మాటవరసకి అన్నాను.

"కంచె ఉందా?" అంది చిట్టి.

"ఉందమ్మా. ఒక పక్క పడిపోయింది. కట్టుకుంటాను."

"ఒంటరిగా ఎంతసేపు వదిలేస్తావు?"

"నేనెక్కడికెళ్తే అక్కడికి తీసుకెళ్తాను. ఎక్కడికీ పెద్దగా వెళ్ళను కూడా."

"జబ్బు చేస్తే?"

"నాకు వైద్యం తెలీదు. మీకు కబురు పెడతాను."

చిట్టి ఆగింది. ఆఖరి ప్రశ్న ఎప్పుడూ కోటయ్యే అడుగుతాడు. ఆయన నెమరు ఆపి అడిగాడు.

"అమ్మా నూకాలూ, వీణ్ణి నువ్వు పెంచలేని రోజొకటి వస్తే ఏం చేస్తావు?"

నూకాలు వాచిన తన కాలు వైపు చూసుకుంది.

"నా కాలి సంగతి మీకు తెలుసు కదా బాబాయ్. వానాకాలం వస్తే లేవలేను. అలాంటి రోజొస్తే ఇక్కడికే తెచ్చి మీకు అప్పజెప్తాను. తేవచ్చా? తిట్టరు కదా?"

ఇంకా తీసుకెళ్ళకముందే తిరిగి తెచ్చే మాటేమిటని చిట్టి మొహం అదోలా పెట్టింది. కోటయ్య అవుననలేదు, కాదనలేదు. "ఆ నీడలో కూర్చోమ్మా," అన్నాడు. అంటూ జిల్లేడు పొద వైపు ఒక చూపు చూశాడు. మూడు రోజులుగా ఆ పొదకి ఒక తోక మొలిచి ఉండటం ఆయన గమనించకపోలేదు.

పొద వెనక సత్తిపండుకి నవ్వాగలేదు. ఇది చెప్పకూడని జవాబన్నమాట, అనుకున్నాడు. వెంటనే ఇంటికెళ్ళి భార్యని వెంటబెట్టుకుని, చుట్టూ తిరిగి, దారమ్మట నడిచొచ్చినవాడిలా తడిక ముందు నిలబడ్డాడు. పక్కన భార్యని కూడా నిలబెట్టాడు.

"నమస్కారమండి కోటయ్య తాతగారూ. ఆ కుక్కని చూస్తే కన్నబిడ్డని చూసినట్టుందండి ఆయ్."

చిట్టి అడిగింది. సత్తిపండు అడిగినదానికల్లా తడుముకోకుండా చెప్పాడు. కంచె కొత్తది. నీళ్ళకి వేరే కుండ. రెండు పూటలా తిండి. పడక తన పక్కనే. ఇంట్లో అందరికీ ఇష్టమే, కావాలంటే ఆవిణ్ణే అడగండి. ఆవిడ తల ఊపింది. చిట్టి మురిసిపోయి కోటయ్య వైపు చూసింది.

"సత్తిపండూ, వీణ్ణి నువ్వు పెంచలేని రోజొకటి వస్తే ఏం చేస్తావు?" అన్నాడు కోటయ్య.

"అలాంటి రోజు రాదండి."

"వస్తే?"

"రాదంటున్నాను కదండీ."

"వస్తేనయ్యా?"

సత్తిపండు నీడలో ఉన్న నూకాలు వైపు ఒకసారి చూసి గొంతు పెంచాడు. "నా పిల్లల మీద ఒట్టండి. ప్రాణం పోయినా వీణ్ణి తిరిగి తెచ్చి ఈ తడిక ముందు నిలబెట్టను."

చిట్టికి కళ్ళు చెమర్చాయి. కానీ చిక్కుడు ఆ మాట వినగానే లేచి, తోక కాళ్ళ మధ్య పెట్టుకుని బట్టీలోపలికి వెళ్ళిపోయాడు.

"వాడికి ఈ ఒట్టు కొత్తేమీ కాదు," అన్నాడు కోటయ్య నెమ్మదిగా. "మొదట తీసుకెళ్ళిన పొట్టేలూ ఇలాగే ఒట్టేశాడు. వాడు చెడ్డవాడు కాదు. మంద ఏరు దాటి పోవాల్సొచ్చింది, కుక్కని వెంట రానిచ్చేది లేదన్నారు మందలోవాళ్ళు. తిరిగి తెద్దామంటే ఒట్టు గుర్తొచ్చింది. మా మొహం చూడ్డానికి సిగ్గేసింది. కాలవ లాకు దగ్గర వదిలేసి పోయాడు. ఆ పొట్టేలు వస్తాడు, వస్తాడని పదకొండు రోజులు అక్కణ్ణించి కదల్లేదు వీడు. నేను వెళ్ళేసరికి లేచి నిలబడే ఓపిక లేదు. ఆ ఒట్టు వేయించుకున్నది నేనే. ఆ తప్పు నాదే. అందుకే ఆ తర్వాత ఈ ప్రశ్న పెట్టాను."

సత్తిపండుకి సంగతి బోధపడింది. "అయ్యో, అంతే కదా తాతగారూ. అయితే నేనూ తెస్తానండి. కుదరకపోతే మర్నాడే తెచ్చి అప్పజెప్పేస్తాను."

"మరి పిల్లల మీద ఒట్టు?"

"అది తీసేశానండి."

"వేసి ఎంతసేపైంది?"

సత్తిపండు పొద వెనక నక్కి విన్నవాటిలో ఈ ప్రశ్నకి జవాబు లేదు. పక్కనున్న భార్య మాత్రం, "పిల్లల మీద ఒట్టేస్తావా, ఇంటికి పద," అని ముందు నడిచింది. ఆ వెనకే వాడూ నడిచాడు.

చిక్కుడు నూకాలుతో వెళ్ళాడు. మొదటి వారం గుమ్మం దగ్గరే పడుకున్నాడు, తర్వాత ఆవిడ కాళ్ళ దగ్గరికి జరిగాడు.

శ్రావణం వచ్చింది. ఒకరోజు వానలో నూకాలు కుంటుకుంటూ బట్టీకి వచ్చింది. వెనకే చిక్కుడు. ఆవిడ తలెత్తలేకపోయింది.

"కాలు మరీ పాడైంది బాబాయ్. వాడికి తిండి తేలేకపోతున్నాను. మాటిచ్చాను కదా, తెచ్చాను."

"మంచి పని చేశావమ్మా. లోపలికి రా, తడుస్తున్నావు," అన్నాడు కోటయ్య.

ఇరవై రోజులు చిక్కుడు బట్టీలో ఉన్నాడు. పెట్టింది పెట్టినట్టు తిన్నాడు. తడిక చప్పుడైతే తల కూడా ఎత్తలేదు. ఆవిడ వస్తుందని వాడికి అనుమానమే లేదు. ఇరవై ఒకటో రోజు వాపు తగ్గి ఆవిడ వచ్చింది. వాడు ఒళ్ళు విరుచుకుని లేచి, ఇంటికి దారి తీశాడు.

నీతి: ఒక ప్రాణాన్ని అడిగి తీసుకెళ్ళేవాళ్ళకి, చేతకాని రోజున తిరిగి తెచ్చి అప్పగించే ధైర్యం ఉండాలి.